పాము తలకు వెల

ఢిల్లీ తాచుపాముల కథ మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఎకనామిక్స్ క్లాసులోనో, మేనేజ్‌మెంట్ పుస్తకంలోనో, ఏదో పాడ్‌కాస్ట్‌లోనో. తెల్లదొరల కాలంలో ఢిల్లీలో తాచులు ఎక్కువైపోయాయట. చచ్చిన పామును తెచ్చి చూపిస్తే ఇంత డబ్బని సర్కారు చాటింపు వేయించింది. జనం మొదట్లో పాముల్ని చంపి తెచ్చారు, ఆ తర్వాత ఇళ్ళల్లో పెంచడం మొదలుపెట్టారు. సంగతి తెలిసి సర్కారు డబ్బు ఆపేసింది. ఇక వీటితో ఏం పని అని పెంచినవాళ్ళు పాముల్ని వదిలేశారు. కథ కంచికి, పాములు వీధిలోకి. జర్మన్ ఆర్థికవేత్త హోర్స్ట్ సీబెర్ట్ 2001లో తన పుస్తకానికి ఇదే పేరు పెట్టాక ‘కోబ్రా ఎఫెక్ట్’ అన్న మాట ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది.

కథ బాగుంది. అయితే ఢిల్లీలో సరిగ్గా ఇలాగే జరిగిందనడానికి గట్టి ఆధారం ఇంతవరకూ ఎవరూ చూపలేదు. అది అలా ఉంచి ఇంకో సంగతి గమనించండి. ఇందులో తెలివితక్కువ సర్కారు ఉంది, అతితెలివి జనం ఉన్నారు, పాములున్నాయి. పాము కరిచిన మనిషి మాత్రం ఎక్కడా లేడు. అసలు ఆ మనిషి కోసమే కదా ఇదంతా మొదలైంది? పాము తలకు వెల కట్టిన చరిత్ర నిజంగా ఎలా నడిచిందో చూస్తే, అక్కడా ఇదే కనిపిస్తుంది. లెక్కలోంచి ముందుగా జారిపోయేది కాటు తిన్నవాడే.

పాలమూరు పల్లెల్లో చాలామంది పాము కరిచిందని అనరు. ‘పురుగు ముట్టింది’ అంటారు. పేరు తలిస్తే వస్తుందన్న భయం కొంత, దేవుడన్న భక్తి కొంత. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇప్పుడు మూడు జిల్లాలు. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయాయి. ఈ వ్యాసం తిరిగి తిరిగి ఆ నేలకే వస్తుంది, ఎందుకంటే ఆ జిల్లా పేరులోనే ఒక పాముకాటు కథ ఉంది. ముందు మాత్రం విశాఖపట్నం వెళ్ళాలి.

*

1780లలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు విశాఖపట్నంలో ఉండేవాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని కర్ణాటక ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. మొక్కల్ని చూడాల్సిన ఉద్యోగం. కానీ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న వేరే: ఇన్ని పాముల్లో విషమున్నవి ఏవి, లేనివి ఏవి? పాముల్ని తెప్పించుకున్నాడు, కోరలు పరీక్షించాడు, కోళ్ళ మీదా కుక్కల మీదా కాటు ప్రభావం చూశాడు. పాముకాటుకు దివ్యౌషధమని పేరుపడ్డ ‘తంజావూరు మాత్ర’నూ పరీక్షకు పెట్టాడు. 1796లో కోరమండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం వేయించాడు.

ఆ పుస్తకంలో పాముల పేర్లు తెలుగులో ఉన్నాయి. పట్టి తెచ్చినవాళ్ళు ఏ పేరు చెబితే అదే ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాడు. ఇవాళ ప్రపంచం రస్సెల్స్ వైపర్ అని పిలిచే రక్తపింజర ఆయన పుస్తకంలో ‘కాటుకరేకుల పొడ’. పసుపు, నలుపు పట్టీలున్న ఒక కట్లపాము ‘బంగారం పాము’. ఆ పేరు నుంచే తర్వాతి శాస్త్రవేత్తలు కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టారు. ఇవాళ ఏ దేశపు విషవైద్యుడు కట్లపాము గురించి రాసినా అతని కలం కింద ఒక తెలుగు మాట పడుతుంది. దాన్ని మొదట చెప్పినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

రస్సెల్ అడిగింది ‘ఏ పాము?’ అని. ఎనభై ఏళ్ళ తర్వాత సర్కారు ప్రశ్న మారింది. ‘ఎన్ని పాములు?’

*

1857 తర్వాత పాలన కంపెనీ చేతుల్లోంచి రాణి చేతుల్లోకి వెళ్ళింది. లెక్కల పిచ్చి కూడా అప్పుడే ముదిరింది. జోసెఫ్ ఫేరర్ అనే సర్జన్ పాముకాటు చావుల లెక్కలు తెప్పించాడు. 1869 ఒక్క ఏడాదికి, అదీ దేశంలో కొన్ని ప్రాంతాల నుంచే, 11,416 చావులు తేలాయి. దేశం మొత్తం మీద ఏటా ఇరవై వేలు ఉంటాయని ఆయన అంచనా. 1872లో భారతదేశపు విషసర్పాల మీద బొమ్మలతో ఒక పెద్ద పుస్తకం వేసి, పాముల్ని చంపినవాళ్ళకు బహుమానాలు ఇవ్వాలని గట్టిగా వాదించాడు. ఆ ఇరవై వేల చావుల్ని చూసి ఊరుకోలేకపోయాడు. అక్కడిదాకా ఆయన్ని తప్పుపట్టలేం.

బహుమానం కొత్త ఆలోచన కాదు. కొంకణ తీరంలోని రత్నగిరిలో చిన్నపింజరలు ఎక్కువ. అక్కడ 1862లో ఇలాంటి ప్రయత్నమే చేస్తే, కొద్ది రోజుల్లోనే రెండు లక్షలకు పైగా పాములు వచ్చి పడ్డాయి. ఒక్క జిల్లాలో! ఆ కుప్ప చూసి అధికారులు సంతోషించాలో భయపడాలో తేల్చుకోలేని పరిస్థితి. అన్ని చంపినా చిన్నపింజరలు రత్నగిరిని వదిలిపోలేదు, ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

పులులకు, చిరుతలకు, తోడేళ్ళకు కూడా ఇలాగే వెల కట్టారు. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్ళలో 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, రెండు లక్షల తోడేళ్ళు పోయాయి. పులి విషయంలో ఈ పద్ధతి ‘పనిచేసింది’. ఎంత బాగా పనిచేసిందంటే, మిగిలిన కాసిని పులుల కోసం తర్వాత అభయారణ్యాలు కట్టాల్సి వచ్చింది. పాము దగ్గర మాత్రం పారలేదు. లక్షల పాములు చచ్చాయి. శతాబ్దం చివరికి వచ్చినా సర్కారీ లెక్కలో పాముకాటు చావులు ఇరవై వేల చుట్టూనే తిరిగాయి.

ఎందుకని? కచేరీలో కూర్చున్న గుమాస్తాకు చచ్చిన పాములన్నీ ఒకటే. పట్టేవాడికి జెర్రిపోతు, నీరుకట్టె తేలిక. వాటికి విషం లేదు. పైగా జెర్రిపోతు ఎలుకల్ని తింటుంది. జెర్రిపోతుల్ని చంపితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల వెనకే తాచు ధాన్యపు కొట్టంలోకి వస్తుంది. ఇంకో సంగతి, వేటగాడు పాములు ఎక్కువ దొరికే చోటికి పోతాడు. కాటు పడేది మనుషులు ఎక్కువ మసలే చోట. ఈ రెండూ ఒకటే కానక్కర్లేదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది. వాడికి కావాల్సింది ఒక మంచం, ఒక దోమతెర. బహుమానం డబ్బు ఆ మంచం దాకా ఎప్పుడూ పోలేదు.

ఢిల్లీ కథకు ఆధారం లేకపోయినా, దాని తమ్ముడి లాంటి కథ ఒకటి నిజంగా జరిగింది. 1902లో హనోయ్‌లో ఫ్రెంచి సర్కారు ఎలుకల మీద వెల కట్టింది. శవాలు మొయ్యలేక తోక తెస్తే చాలంది. కొన్నాళ్ళకు తోకలేని ఎలుకలు వీధుల్లో తిరగడం మొదలైంది. తోక కోసి ఎలుకను వదిలేస్తే అది మళ్ళీ పిల్లల్ని పెడుతుంది కదా! ఊరి బయట ఎలుకల పెంపకాలు కూడా బయటపడ్డాయి. చరిత్రకారుడు మైకేల్ వాన్ పాత దస్తావేజుల్లోంచి దీన్ని వెలికితీశాడు. తోక కోసినవాణ్ణి మోసగాడు అనడం సులువు. సర్కారు కొంటానన్నది తోకనే, అతను అమ్మిందీ తోకనే.

అలాగని వేటకు డబ్బిస్తే ఎప్పుడూ చెడుతుందని కూడా అనలేం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పొలంలో ఎలుకలు పట్టడానికి రైతులు బుట్టలు పెట్టేవాళ్ళని పిలిచి ఎలుకకింత అని ఇస్తారు. అది నడుస్తుంది. ఎందుకంటే డబ్బిచ్చేవాడూ పంట పోగొట్టుకునేవాడూ ఒక్కడే. గట్టు మీద నిలబడి చూస్తుంటాడు. ఎలుకలు తగ్గకపోతే మర్నాడు పిలవడు. డబ్బిచ్చే చెయ్యికీ దెబ్బతినే చెయ్యికీ మధ్య దూరం పెరిగేకొద్దీ తోకల బేరం మొదలవుతుంది.

*

ఇక పాలమూరు. అది నిజాం రాజ్యం. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాముకు కప్పం కట్టుకుంటూ తమ ఏలుబడి తాము చేసుకునేవి. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డలో గద్వాల, ఏరు దాటితే తెల్లదొరల కర్నూలు. 1890లో పాలమూరుకు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పేరు పెట్టారు. గద్వాల, అలంపురం అప్పటికి రాయచూరు జిల్లాలో ఉండి, 1956లో ఈ జిల్లాలో కలిశాయి.

ఈ మహబూబ్ అలీ పాషాకు పులుల వేటగాడని పెద్ద పేరు. దాన్ని మించిన పేరు ఇంకోటి ఉంది. ఆయనకు పాము విషం దించే శక్తి ఉందని జనం నమ్మేవాళ్ళు. పాము కరిచినవాళ్ళు ఏ వేళ వచ్చినా, నిద్రలో ఉన్నా తనను లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడని చెప్పుకునేవాళ్ళు. రాజు దాకా పోలేనివాళ్ళు ఆయన పేరు మీద ఆన పెట్టినా విషం దిగుతుందని నమ్మకం.

దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టిపారేయొచ్చు. విషం పేరుతో దిగదు. కరిచిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు, విషమున్నవి కూడా ప్రతిసారీ విషం ఎక్కించవు. బతికినవాళ్ళ ఘనత పాషాకు పోయింది, చచ్చినవాళ్ళ నింద తలరాతకు పోయింది. ఇవాళ మంత్రగాడి గుమ్మం ముందు పోయే గంటలూ ఈ లెక్క మీదే నడుస్తున్నాయి.

అయినా ఒక తేడా గమనించాలి. అదే రోజుల్లో అవతల సర్కారు ‘చచ్చిన పామును తీసుకురా, డబ్బిస్తా’ అంటోంది. ఇవతల రాజు ‘కాటు తిన్న మనిషిని తీసుకురా, నన్ను నిద్రలేపు’ అన్నాడని జనం చెప్పుకున్నారు. రాజు చేతిలో మందు లేదు. కానీ జనం ఆ కథలో పాలకుడి నుంచి ఏం కోరుకున్నారో స్పష్టంగానే ఉంది. అర్ధరాత్రి తలుపు తియ్యాలి, అంతే. మందు వేరేచోట తయారవుతోంది. 1890లలో ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి డాక్టరు తాచు విషానికి విరుగుడు సీరం తయారు చేశాడు. 1905లో కసౌలీలో పెట్టిన కేంద్ర పరిశోధనాలయం మన దేశంలోనూ ఆ పని మొదలుపెట్టింది.

*

ఇక్కడిదాకా చెప్పుకున్న పాములన్నీ ఈ నేలవే. తాచు గానీ కట్లపాము గానీ మన కంటే ముందు నుంచీ ఇక్కడ ఉన్నాయి. పాము నిజంగానే పరాయి నేలకు చేరి అక్కడి ప్రాణుల్ని తినేస్తుంటే? అప్పుడు వేటను కాదనగలమా?

పసిఫిక్‌లోని గ్వామ్ దీవికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకుల ఓడల్లో గోధుమరంగు చెట్టుపాము ఒకటి చేరింది. దాన్ని చూసి ఎరగని అక్కడి పక్షులకు తప్పించుకోవడం తెలీదు. పన్నెండు అడవి పక్షి జాతుల్లో పది ఆ దీవిలో కనిపించకుండా పోయాయి. చెట్ల మీద లక్షల్లో ఉండి కంటికి కనపడని పాముకు వేటగాడేం చేస్తాడు? 2013లో పారాసెటమాల్ కూరిన రెండు వేల చచ్చిన ఎలుకల్ని హెలికాప్టర్ నుంచి అడవిలో జారవిడిచారు. మన జ్వరం మాత్ర ఆ పాముకు విషం.

పాము మీదికి ఇంకో జంతువును వదిలిన కథ కూడా ఉంది, అందులో మన ఉపఖండపు ప్రాణి ఒకటి చిక్కుకుంది. 1910లో జపాన్ వాళ్ళు హబు అనే విషసర్పాన్ని చంపుతాయని ఒకినావాలో ముంగిసల్ని వదిలారు. 1979లో పక్కనే ఉన్న అమామి దీవిలో ముప్పై దాకా వదిలారు. ముంగిస పగలు తిరుగుతుంది, హబు రాత్రి తిరుగుతుంది. రెండూ ఎదురుపడింది తక్కువ. ముంగిసలు ఆ ప్రాంతపు దీవుల్లో తప్ప ఎక్కడా లేని అమామి కుందేళ్ళ మీద పడ్డాయి, వేలల్లో పెరిగాయి. వాటిని ఏరెయ్యడానికి జీతాలిచ్చి ప్రత్యేక దళం పెట్టి, ఏళ్ళ తరబడి ఉచ్చులు వేసి, కుక్కల్ని తిప్పి, చివరికి 2024 సెప్టెంబర్‌లో ఒక్క ముంగిసా లేదని ప్రకటించారు. దీవి కాబట్టి అయింది. పట్టినదానికింత అన్న బేరంతో కాదు, ఆఖరి ముంగిస దాకా ఓపిగ్గా వెతికే జీతగాళ్ళతో అయింది. వెల కట్టి వేటాడిస్తే ఆఖరి జంతువు దగ్గరే చిక్కు వస్తుంది. దొరకడం కష్టమయ్యేకొద్దీ గిట్టుబాటు కాక వేటగాడు ఇంటికి పోతాడు.

ఇప్పుడు వాదన అంతా ఫ్లారిడా మీద. ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేలలో బర్మా కొండచిలువలు కాపురం పెట్టాయి. ముచ్చటపడి పెంచుకుని, పెద్దవయ్యాక వదిలేసిన పాముల సంతతి. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ రాకూన్లు కనపడటం 99 శాతం తగ్గిపోయింది. 2013లో ఫ్లారిడా రాష్ట్రం బహుమతులతో వేట పోటీ పెట్టింది. సుమారు 1,600 మంది పేరు నమోదు చేసుకున్నారు. నెల రోజుల్లో దొరికిన కొండచిలువలు 68. జనంలో ఎరుక కలిగింది, అది మంచిదే అన్నారు సమర్థించినవాళ్ళు. ఇది పండగ, నివారణ కాదు అన్నారు విమర్శించినవాళ్ళు. ఇద్దరి మాటా నిజమే.

2017లో మాశి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుల గిరిజనుల్ని తమిళనాడు నుంచి ఫ్లారిడాకు పిలిపించారు. ఎవర్‌గ్లేడ్స్ వాళ్ళకు కొత్త, ఆ పాము అంత కొత్త కాదు. కారులో తిరుగుతూ రోడ్డు మీద పాము దాటుతుందేమోనని చూడటం అక్కడి పద్ధతి. వీళ్ళు గడ్డిలోకి దిగి జాడ చూశారు, రెట్ట చూశారు, పాము ఒరుసుకుపోయిన నేల చూశారు. రెండు వారాల లోపే 13 పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

అదే 2017లో దక్షిణ ఫ్లారిడా నీటి యాజమాన్య సంస్థ ఇంకో పద్ధతి మొదలుపెట్టింది. ఎంపిక చేసినవాళ్ళకే పని. తిరిగిన గంటకు కూలీ, పైన పాము పొడవును బట్టి అడుగుకింత. పాము దొరకని రోజూ కూలీ ఉంటుంది కాబట్టి దొరకని చోటా వెతుకుతారు. ఇంకొందరు శాస్త్రవేత్తలు మగ కొండచిలువలకు రేడియో అమర్చి వదులుతున్నారు. అవి జతకాలంలో నేరుగా గుడ్లతో ఉన్న ఆడపాము దగ్గరికి తీసుకెళతాయి. అలా 2022లో బయటపడ్డ ఒక్క ఆడపాము కడుపులో 122 గుడ్లున్నాయి. ఊరికే వెయ్యి పిల్లపాముల్ని పట్టడం కంటే అలాంటివి పది పట్టడం మేలు. ఇక్కడా ప్రశ్న మళ్ళీ ‘ఎన్ని’ నుంచి ‘ఏది’కి వచ్చింది. విశాఖలో రస్సెల్ మొదలుపెట్టిన చోటికే.

*

ఇరులర్ల సొంత చరిత్ర ఈ వాదన మొత్తానికి జవాబులా ఉంటుంది. ఒకప్పుడు వాళ్ళు పాముల్ని చంపి తోళ్ళు అమ్మేవాళ్ళు. ఆ తోళ్ళు విదేశాల్లో చెప్పులు, సంచులు అయ్యేవి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1976లో పాము తోళ్ళ ఎగుమతి ఆగింది. పాముల్ని కాపాడే చట్టం పాముల మీద బతికేవాళ్ళ నోటి దగ్గర కూడు తీసేసింది. 1978లో రాములస్ విటేకర్ చొరవతో మద్రాసు దగ్గర ఇరుల పాముపట్టేవాళ్ళ సహకార సంఘం మొదలైంది. పట్టిన పామును కొన్ని వారాలు ఉంచి, కొన్నిసార్లు విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలెయ్యాలి. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగే. చేతిలో విద్య అదే, వెల దేనికన్నది మాత్రం మారింది. మునుపు చచ్చిన తోలుకు, ఇప్పుడు బతికున్న పాము విషానికి. దాన్నుంచి తయారయ్యే మందు మనిషిని బతికిస్తుంది.

ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు తీస్తారు. అలాంటి కంపెనీల్లో ఒకటైన విన్స్ బయోప్రొడక్ట్స్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లో ఉంది. పేరు తలిస్తే విషం దిగుతుందన్న రాజు పేరు పెట్టుకున్న జిల్లాలో, నిజంగా విషం దించే మందు సీసాల్లోకి ఎక్కింది. ఇంత చక్కగా కుదిరే వ్యంగ్యం చరిత్రలో తరచూ దొరకదు.

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోనూ ఇలాంటి మార్పు ఒకటి జరుగుతోంది. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వులో పులి జాడ చూసే బేస్ క్యాంపు కాపలాదారుల్లో చెంచులున్నారు. అడుగుజాడ చదివే అడవి విద్యకు ఇప్పుడు కాపలా పనిలో జీతం ముడుతోంది. ఆ జీతం చాలినంతా, అడవి మీద వాళ్ళ హక్కు మాటేమిటి అన్నవి వేరే పెద్ద ప్రశ్నలు, అడగాల్సినవే.

*

మళ్ళీ కాటు తిన్న మనిషి దగ్గరికి. 2011లో వచ్చిన ఒక దేశవ్యాప్త అధ్యయనం 2005లో మన దేశంలో 45,900 మంది పాముకాటుకు చనిపోయారని అంచనా వేసింది. సర్కారీ లెక్కల్లో ఉన్నదాని కంటే ఎన్నో రెట్లు. ఫేరర్ కాలం నుంచీ మనం తక్కువే లెక్కపెడుతూ వచ్చామన్నమాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 5,200 చావులు. లక్ష జనాభాకు 6.2, దేశంలోకెల్లా ఎక్కువ. చనిపోయినవాళ్ళలో 97 శాతం పల్లెవాళ్ళు. నాలుగింట మూడొంతులకు పైగా ఆస్పత్రిలో కాకుండా ఇంటి దగ్గరో దారిలోనో పోయారు. అంటే మందు దొరికే చోటికి చేరనేలేదు.

నడిగడ్డలో పత్తి విత్తనం చేలున్నాయి. పొద్దున్నే మొక్కల్లోకి దిగి పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించాలి. చెయ్యి ఆకుల మధ్యే ఉంటుంది, కాలు ఎక్కడ పడుతోందో కనపడదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వేరుశనగ పీకుతారు. వేళ్ళు మట్టిలోనే ఉంటాయి. కాల్వల నీళ్ళొచ్చి వరి పెరిగింది, వరితో ఎలుకలు, ఎలుకలతో రక్తపింజరలు. ఈ పాములన్నింటినీ చంపుదామన్నా అయ్యే పని కాదని రత్నగిరి ఎప్పుడో చెప్పింది. గమ్‌బూట్లు, రాత్రికి టార్చి లైటు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు, దాన్ని ఎక్కించడానికి భయపడని డాక్టరు, అర్ధరాత్రి తిరిగే బండి. వెల కట్టాల్సినవి ఇవి.

2018లో వచ్చిన రైతుబీమా, పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఇచ్చేలా పెట్టారు. పాముకాటు కూడా అందులోకి వస్తుంది, మంచి పని. కానీ పాము పాసుపుస్తకం చూసి కరవదు. పుప్పొడి అంటించే కూలీకి, కౌలుకు చేసేవాడికి ఆ పథకంలో చోటు లేదు. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి చావుల్ని సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబర్‌లో ప్రతి కాటునూ, ప్రతి చావునూ తప్పనిసరిగా నమోదు చెయ్యమని రాష్ట్రాలకు లేఖ రాసింది.

పాము తలల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టిన నూటయాభై ఏళ్ళకు కరిచిన మనుషుల్ని లెక్కపెట్టమన్నారు. ఆలస్యమైంది, అయినా సరైన లెక్క అదే. ఈ వానాకాలం గద్వాల పత్తి చేలో ఎవరికైనా పురుగు ముడితే, పాము ఎటు పోయిందని కర్రలు పట్టుకుని వెతికేవాళ్ళు పదిమంది ఉంటారు. బండి తీసేవాడు ఒక్కడు కావాలి.